పెనం దగ్గర లేని మనిషి

పాకం మీద పడింది అని ఆసుపత్రిలో చెప్పింది నేనే. నాయన చెప్పమన్నాడు, చెప్పాను. పదో తరగతిలో అయ్యవారు లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా నోరు పెగలనిదాన్ని. ఆ రోజు మాత్రం తడుముకోకుండా చెప్పేశాను.

ఇది పోయిన చెరుకు సీజనులో, ఎనభై అయిదు ఫిబ్రవరిలో జరిగింది. మా ఊరు చిత్తూరుకు పది మైళ్ళు. గానుగ ఆడే నెలల్లో ఊళ్ళో ఎవరికీ ఓపిక ఉండదు. మా అన్న దామోదరానికి మామూలు రోజుల్లోనే లేదు. పెళ్ళయిన రెండేళ్ళలో వదిన పంకజాక్షి చెంప మీద వేళ్ళ గుర్తులు మా ఇంట్లో అందరం చూశాం. చూసి ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. రెండుసార్లు వదిన నగరిలో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. రెండుసార్లూ నాయన మా పోలీసు స్టేషను హెడ్డు ఏకాంబరాన్ని వెంటబెట్టుకుని పోయి తీసుకొచ్చాడు. కాపురం నిలబెట్టినామని ఊళ్ళో చెప్పుకున్నారు.

మా వైపు గానుగకు ఒక కట్టుబాటు ఉంది. నెలలో బయటున్న మూడు రోజులూ ఆడవాళ్ళు గానుగ కొట్టం వైపు అడుగు పెట్టకూడదు. పెడితే పెద్ద పెనంలో కాగే పాకం విరిగిపోతుందనీ, బెల్లం గట్టిపడదనీ అంటారు. ఇంట్లో కూడా ఆ మూడు రోజులు నీళ్ళూ పొయ్యీ ముట్టుకోకూడదు.

ఆ మంగళవారం వదిన బయటుంది. పశువుల కొట్టం పక్క అరుగు మీద గోనెపట్ట పరుచుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. అమ్మ గానుగకు సద్ది తీసుకుని పోయింది. నేను చన్నీళ్ళ కోసం బోరింగు దగ్గరికి పోయాను. దొడ్లో అండా నిండా నీళ్ళు మరుగుతున్నాయి. నేను బిందెతో దొడ్డివాకిట్లోకి వచ్చేసరికి అన్న గానుగ నుంచి వచ్చి అండా ముందు నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా బూడిద.

"సన్నీళ్ళు కలపలేదేం?" అన్నాడు.

"నేను ముట్టుకోగూడదు గదా. శకుంతల బోరింగు కాడికి పోయుండాది, వచ్చేస్తాది" అంది వదిన.

"వచ్చేదాకా నేను కాపలా ఉండాల్నా?"

"ఒక్క నిమిషం కూసో. నేను ముట్టుకుంటే మళ్ళా నువ్వే తిడతావు."

అంతే అంది. తల కూడా ఎత్తకుండా, కాయ చిదుపుతూ అంది. అన్న అండాలో పెద్ద చెంబు ముంచి వెనకనుంచి ఆమె మెడ కింద పోశాడు. వదిన అరుగు మీది నుంచి కిందపడింది. అన్న మళ్ళీ ముంచాడు. నా చేతిలో బిందె జారిపోయింది. ఆ చప్పుడుకు ఇటు తిరిగి నన్ను చూసి చెంబు వదిలేశాడు.

"ఏం సూస్తా ఉండావు? పొయ్ నాయన్ని పిల్చుకురా" అన్నాడు. కోడి తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

*

చెరుకు దించేసిన ట్రాక్టరులో అరటాకులు పరిచి వదినను బోర్లా పడుకోబెట్టారు. అన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక ట్రైలర్లో నేనూ నాయనా. ఊరు దాటినాక నాయన నా దగ్గరికి జరిగాడు.

"పాపా, ఆడ డాక్టరు అడుగుతారు. పాకం మీద పడిందని చెప్పు."

నేను వదిన కాళ్ళ దగ్గర అరటాకు సర్దాను.

"పెనం దింపేటప్పుడు అడ్డమొచ్చింది, మీద పడింది. అంతే. పోయినేడు కూలోడికి కాల్లేదా? సీజన్లో ఇదంతా మామూలే అనుకుంటారు."

"నువ్వు చెప్పరాదా నాయనా?"

"మొగోళ్ళు చెప్తే ఎగాదిగా సూస్తారు. సదువుకునే పిల్లవి, నువ్వు చెప్తే నమ్ముతారు. నీ అన్న జైలుకు పోతే ఈ ఇంటికి సంబంధం యాడ్నించి వస్తాది, ఎవురు జేసుకుంటారు నిన్ను? ఆలోసన జేసుకో."

వదిన ఇవన్నీ వింటూనే ఉంది. పళ్ళు బిగబట్టి నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు తిరిగాను.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చంద్రకాంతమ్మ అని, గూడూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆమె. వదిన వీపు చూసి, ఎట్లా కాలిందని అడిగింది. వదిన నోరు తెరిచే లోపల నాయన నా భుజం తోశాడు.

"పాకం అండీ. బెల్లం పాకం. గానుగ దగ్గర మీద పడింది" అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశానండీ."

"నువ్వేమవుతావు ఈమెకు?"

"ఆడబిడ్డని."

డాక్టరమ్మ తలెత్తి నన్నొకసారి చూసి, రిజిస్టర్లో రాసుకుంది. బయటికొచ్చాక నాయన నాకు సోడా తాగించాడు. పుట్టి బుద్ధెరిగాక నాయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

*

కాలిన మనిషి వస్తే ఆసుపత్రి వాళ్ళు స్టేషనుకు చీటీ పంపాలట. మర్నాడే ఏకాంబరం వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పుస్తకం తొడ మీద పెట్టుకున్నాడు. తల దగ్గర అన్న, కాళ్ళ దగ్గర అమ్మ, గోడకు ఆనుకుని నేను.

"ఏమ్మా, పాకం మీద పడిందంట గదా?" అడిగింది ఏకాంబరమే, జవాబు రాసుకోవడం మొదలుపెట్టిందీ ఆయనే.

"పాకం గాదు సార్" అంది వదిన దిండులో నుంచి. "ఉడుకునీళ్ళు. ఆయనే పోసినాడు."

ఏకాంబరం పెన్ను ఆపి అన్నను చూశాడు. "ఏందప్పా ఇది?"

"నొప్పికి పలవరిస్తా ఉండాది సార్" అన్నాడు అన్న.

"సూడమ్మా. మీ ఆడబిడ్డే సూసినానని రాయించింది. రిజిస్టర్లో ఒకటుండాది, నువ్వు ఒకటి చెప్తా ఉండావు. కోపంలో ఏదో అంటావు. రేపు కేసని తిరిగితే నీకు కూడు ఎవురు పెడతారు?"

"ఇన్నాళ్ళూ నేను వండితేనే వాళ్ళు తిన్న్యారు సార్."

పక్క మంచం ముసలామె కిసుక్కున నవ్వింది. ఏకాంబరం మొహం ఎర్రబడింది. "ఈ నోటికే కాలినట్టుండాది" అని పుస్తకం మూశాడు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. అన్నను చూసి, "ఇతనెవరు?" అంది.

"భర్త మేడమ్."

"భర్తను తలకాడ నిలబెట్టుకుని ఆమెను అడుగుతున్నారా మీరు?"

"మీ చీటీలోనే యాక్సిడెంటని ఉండాది మేడమ్" అన్నాడు ఏకాంబరం, లేవకుండానే.

"యాక్సిడెంటు 'అన్నారు' అని ఉంది. మళ్ళీ చదవండి. అందరూ బయటికి నడవండి. అత్తగారూ, మీరు కూడా. ఈ మంచం దగ్గర అటు తరపు మనిషి ఇక ఒక్కరు కనపడినా వాచ్‌మన్‌ని పిలుస్తాను."

అమ్మ శాపనార్థాలు పెడుతూ పోయింది. నేనూ వాళ్ళ వెనకే పోబోతే, "నువ్వుండు" అంది డాక్టరమ్మ. తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. కూర్చోమనలేదు.

"పోయిన నెల ఒక కూలీ చేతికి పాకం పడితే గట్టిపడిన బెల్లం ఊడదీయడానికి నాకు గంట పట్టింది. మీ వదిన ఒంటి మీద ఒక్క చుక్క బెల్లం లేదు. వెంట్రుకల్లో లేదు, రవికకూ లేదు. నువ్వు నిజంగా చూశావా?"

నా నోరు మళ్ళీ మూతపడింది.

"అబద్ధానికి మాత్రం బాగా తెరుచుకుందే" అంది ఆమె. "నేను రాసేది రాస్తాను. వేడినీళ్ళు, వెనకనుంచి. ఎస్సైకీ పంపుతాను, చిత్తూరు పెద్దాఫీసుకూ పంపుతాను. మొగుడు హింస పెడితే అదే ఒక కేసని చట్టం వచ్చి ఏడాది దాటింది. కానీ వాళ్ళు నీ మాట పట్టుకుని కూర్చుంటారు. కళ్ళారా చూసినదానివి నువ్వొక్కదానివే గదా. ఇంకో పదిహేను ఇరవై రోజుల్లో ఈమెను పంపేయాలి నేను, మంచాలు లేవు. కేసు లేకపోతే ఏమవుతుందో తెలుసా? మీ నాన్న సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోతాడు. ఇంతకు ముందు రెండుసార్లు తీసుకుపోయాడటగా."

"నన్నేం చేయమంటారండీ?"

"నన్నడగొద్దు. నాకు నీ మీద జాలి లేదు."

వార్డులోకి వచ్చి వదినకు నీళ్ళు ఇవ్వబోయాను. గ్లాసు చేత్తో పక్కకు నెట్టి, ముసలామెను నీళ్ళడిగి తాగింది.

*

వదిన బట్టల కోసం నేను ఇంటికి పోయినప్పుడు నాయనా అమ్మా వసారాలో మాట్లాడుకుంటున్నారు.

"ఏందయ్యా నువ్వు చేసిన పని? ఆ పిల్ల బయటుండె గదా. పెనం కాడికి ఎట్లా పోతాది? ఇంకేదన్నా చెప్పకూడదా?" అంటోంది అమ్మ.

ఆ సంగతి నాయనకు అప్పటిదాకా తట్టలేదని మొహంలోనే తెలిసింది. తర్వాత నవ్వేశాడు.

"టౌను డాక్టరుకు అదంతా యాడ తెలస్తాది? ఎవురు ఎత్తుతారు ఆ మాట? నువ్వు ఎత్తుతావా? పాప ఎత్తుతాదా, పోలీసోళ్ళ ముందర?" అని నా వైపు చూశాడు. "దానికి బడిలో పేరు అడిగితేనే సెమట పడతాది."

"ఊళ్ళోవోళ్ళు?"

"ఊళ్ళోవోళ్ళకు ఏం పని? పెనం దింపేది పీరాసాహెబు. ఆయన సూసినానంటాడు. మాట్లాడినా. మళ్ళా సీజనుకు మన గానుగే గదా ఆయనకు."

పీరా సాహెబు పాకం పట్టే మనిషి. మా చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన చెయ్యి పెడితేనే బెల్లం అని పేరు. పొయ్యి దగ్గరే తిని, పొయ్యి దగ్గరే పడుకుంటాడు. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు బయటుంటారో ఆయనకేం తెలుస్తుంది? నాయన చెప్పి ఉండడు.

అన్న గడపలో నుంచి అన్నాడు: "ఈ మూగది రేపు స్టేషన్లో నోరు తెరిస్తే కాళ్ళు ఇరగ్గొడతా. చెప్పు దానికి."

"అదెందుకు తెరస్తాది" అన్నాడు నాయన.

నేను బట్టలు మూట కట్టుకున్నాను. నాకు భయం వేసింది నిజమే. అంతకంటే ఎక్కువ, నాయన నవ్వు చూసి ఒళ్ళు మండింది. నా సిగ్గును ఆయన తన ఇంటికి వేసుకున్న తాళంలా లెక్కేసుకున్నాడు.

*

డాక్టరమ్మ కాగితం అందాక ఎస్సై అందరినీ పిలిపించాడు. కొత్తగా వచ్చిన మనిషి, విజయనగరం వైపాయన. వాచీ చూసుకుంటూ మాట్లాడతాడు. బల్ల ముందు నాయన, అన్న, పీరా సాహెబు. వెనక నేను. ఏకాంబరం రాస్తున్నాడు. గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు.

ముందు పీరా సాహెబును అడిగారు.

"నేను జూసినా సార్. పెనం దింపతా ఉంటే ఆ యమ్మ ఎనకనుంచి వచ్చె. పాకం తొణికి మీద పడె. పాపం."

"రాయండి" అన్నాడు ఎస్సై. "ఆ, అమ్మాయీ! నువ్వు కూడా అక్కడే ఉన్నావన్నావు గదా?"

నాయన నా వైపు తిరగను కూడా తిరగలేదు. అంత ధీమా.

"వదిన పెనం దగ్గరికి పోలేదు" అన్నాను.

"ఏమిటీ?"

"పోలేదండీ. పోకూడదు. ఆ రోజు బయటుంది."

నాకే సరిగ్గా వినపడలేదు. ఏకాంబరానికి మాత్రం వినపడింది. ఆయనదీ చెరుకు ఊరే. పెన్ను ఎత్తి, "గట్టిగా చెప్పు పాపా, ఎస్సైగారికి ఇనపళ్ళా. ఏందది? ఎట్లా బయట?" అన్నాడు. గుమ్మం దగ్గర వాళ్ళిద్దరూ నవ్వారు.

నన్ను నోరు మూయించడానికే అడిగాడు. చెవుల దాకా వేడెక్కింది. బల్ల అంచు మీద ఇంకు మరక ఉంటే దాన్నే చూస్తూ చెప్పాను.

"వదిన ముట్టుండె సార్. రెండో రోజు. ముట్టుండే వాళ్ళు గానుగకు పోరు."

నవ్వు ఆగింది.

"థూ, సిగ్గులేని దానా!" నాయన చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు.

"కూర్చోవయ్యా!" అన్నాడు ఎస్సై. "అయితే ఏమిటట? హెడ్డుగారూ, ఏమంటోంది ఈ పిల్ల?"

ఏకాంబరం నీళ్ళు నమిలాడు. ఆ లోపల పీరా సాహెబు లేచాడు. టవలు భుజం మీది నుంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"నాయుడా, ఈ మాట నాకు చెప్పలేదే నువ్వు!" అన్నాడు నాయన వైపు తిరిగి.

"గమ్మునుండు సాహెబూ. తర్వాత మాట్లాడుకుందాం."

"గమ్మున ఎట్లుండేది? ముట్టుండే ఆడమనిషి నా పెనం కాడికి వచ్చిందని స్టేషన్లో రాయించినాక ఇంగ నన్ను ఏ రైతు పిలుస్తాడు? నలభై ఏండ్లు పాకం పట్టినా. ఒక్క పెనం ఇరిగిందని ఎవుడన్నా అంటే ఈ మీసం తీసేస్తా. సార్, రాసింది కొట్టెయ్యండి. ఆ యమ్మ ఆడికి రాలే. నేను సూళ్ళే. ఆ దినం దిగిన బెల్లం మండీలో ఉండాది, పోయి సూస్కోండి, రాయి మాదిరి ఉంటాది!"

"ఇప్పుడే గదయ్యా చూశానన్నావు?"

"నాయుడు చెప్పమన్న్యాడు, చెప్పినా. నా పెనాన్ని తిట్టిస్తాడని నాకేం తెలుసు?"

వదిన వీపు గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. పెనం పరువు కోసమే లేచాడు. ఆయనకు నేను దండం పెట్టాల్సిన పని లేదు. అయినా ఆ బల్ల ముందు నా వైపు పడిన రెండో గొంతు అదే.

"అయితే ఎట్లా కాలింది?" ఎస్సై నన్నడిగాడు.

"అన్న పోసినాడు. అండాలో నీళ్ళు. రెండోసారి గూడా ముంచినాడు. నా బిందె పడకపోతే అదీ పోసేవాడు."

"రాయండి."

"సార్, ఇంటి గొడవలు..." అన్నాడు ఏకాంబరం.

"ఆ డాక్టరు పైకి కూడా కాపీ పంపిందయ్యా. రేపు నన్నడుగుతారు, నిన్నా? రాయమంటే రాయి."

ఏకాంబరం కొత్త కాగితం తీశాడు. అన్న నన్నే చూస్తున్నాడు. నేను చెప్పేది చెప్పి, చదివి, సంతకం పెట్టాను. శకుంతల అని మొత్తం పేరు రాశాను.

*

అన్నను ఆ రోజే లోపల వేశారు. ఎనిమిదో రోజు బెయిలు మీద వచ్చాడు. నా కాళ్ళేమీ విరగ్గొట్టలేదు. వాయిదా అయ్యేదాకా చెయ్యి ఎత్తొద్దని ప్లీడరు చెప్పాడట. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఏదన్నా చెప్పాలంటే ఆవుకు చెప్పినట్టు పైకి అనేవాడు. "స్టేషన్లో అంత నోరుండే దానికి ఇంట్లో కూడెందుకు?" అని. అమ్మ నా కంచం వసారాలోకి తోసేది. ఎదురింటి వాళ్ళు తమ పిల్లను నాతో బడికి పంపడం మానేశారు. మొగోళ్ళ ముందర ముట్టు మాట మాట్లాడిన పిల్లనని. వీపు మీద వేడినీళ్ళు పోసిన మా అన్న మాత్రం అదే వీధిలో రచ్చకట్ట మీద కూర్చుని బీడీ తాగేవాడు. రమ్మని జరిగి చోటిచ్చేవాళ్ళు.

వదినను పంపేరోజు స్పెషల్ క్లాసుందని చెప్పి చిత్తూరు పోయాను. వాళ్ళమ్మ జ్ఞానాంబ వచ్చింది. నగరిలో మగ్గాల షెడ్డులో కండెలు చుట్టే మనిషి. చేతులనిండా నూలు పోగుల కోతలు. నాయన కూడా వచ్చి ఉన్నాడు, సంతకం పెట్టి కోడల్ని తీసుకుపోతానని. డాక్టరమ్మ కేసు నంబరు రాసిన కాగితం చూపించి, "మీ సంతకం ఇక్కడ చెల్లదు" అంది. నాయన ఇంకా నిలబడితే, "ఈమె ఎవరితో పోవాలో ఈమే చెబుతుంది" అని వదిన వైపు తిరిగింది.

"మా యమ్మతో పోతా" అంది వదిన.

నాయన ఏకాంబరం కోసం అటూ ఇటూ చూశాడు. ఆయన ఈసారి రాలేదు.

బస్టాండు దాకా వాళ్ళ మూట నేను మోశాను. వద్దని అనలేదు, మోయమనీ అనలేదు. ఆ ఇరవై రోజుల్లో వదిన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నగరి బస్సులో కిటికీ పక్కన అడ్డంగా కూర్చుంది, వీపు సీటుకు తగలకుండా. నేను మూట అందించి కింద నిలబడ్డాను. క్షమించమని అడగాలని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. డ్రైవరు ఇంజను వేశాడు.

అప్పుడు కిటికీలో నుంచి అంది:

"వాయిదాకు వస్తావా?"

తల ఊపాను.

"ఆడ జడ్జి ఉంటాడు. ప్లీడర్లు నవ్వుతారు. మీ యన్న ఎదురుగా నిలబడుకోనుంటాడు. ఆడ గూడా ఇదే చెప్తావా?"

మళ్ళీ ఊపాను.

"తలకాయ ఊపితే నాకేం తెలుస్తాది? నీ తలకాయను నమ్మి నేను ఇంకోసారి ఆ ఇంటికి పోలేను. నోటితో చెప్పు."

"చెప్తా వదినా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు సీటులో వాళ్ళు తిరిగి చూశారు. "ఉన్నదంతా చెప్తా. మొదట అబద్ధం చెప్పింది గూడా చెప్తా."

వదిన నన్ను కాసేపు చూసింది. కండక్టరు పక్కకు వచ్చి చెయ్యి చాపాడు. అటు తిరిగి, "నగరికి రెండు" అంది.